రాళ్లను చదివిన బోధకుడు – స్టీఫెన్ హిస్లాప్ గారు

ధ్యానమునకు: యోబు 38వ అధ్యాయము

మన మంచిర్యాల ప్రాంతమున గనిలో దిగిన వానికి ఇసుకరాయి, బొగ్గు పొరలు పొరలుగా అగుపించును. గోదావరి, ప్రాణహిత లోయల యీ పొరల వయస్సు తెలిసికొనుటకు తొలినాళ్లలో పాటుపడినవారిలో ఒక మిషనరీ కలరు.

హిస్లాప్ గారు 1817 సెప్టెంబరు 8న స్కాట్లాండులోని డన్స్ పట్టణమున జన్మించిరి. 1845లో నాగపురము చేరి సువార్త చెప్పుచు, పాఠశాల నడపుచు, గోండుల పాటలను సేకరించిరి. తోడి మిషనరీ హంటరు గారితో కలిసి నాగపురపు రాళ్లను గూర్చి వ్రాసిన వ్యాసము 1855లో లండనులో వెలువడెను.

గడ్డివామిలో అడుగు మోపు ముందు వేసినదే గదా! రాతిపొరలును అట్టివే. అయితే దూరదేశపు పొరతో మన పొరను పోల్చుటెట్లు? అందులకు శిలాజములు సాక్ష్యమిచ్చును. ఆసిఫాబాదు దాపున మలేరిలో దొరికిన సెరటోడస్ అను చేప పండ్లవంటివే ఐరోపాలోని ట్రయాసిక్ రాళ్లలోను కలవు. కనుక రెండును ఇంచుమించు ఒకే కాలమువని పండితులు గ్రహించిరి. మలేరి చేపకు 1859లో హిస్లాప్ గారి పేరే పెట్టిరి.

ఆ దినములలో ఏది ముందో, ఏది వెనుకో తెలిసెనే గాని ఏండ్ల లెక్క తెలియలేదు. ఇరువదవ శతాబ్దమున ఆ లెక్క దొరకెను. యురేనియము మెల్లగా సీసముగా మారును. అందు ముఖ్యమైన రకము సగము మారుటకు సుమారు 447 కోట్ల ఏండ్లు పట్టును. అగ్నిపర్వతపు రాళ్లలో ఈ రెంటి పాళ్లను కొలిచి వయస్సు కట్టుదురు. ఆ లెక్కలనుబట్టి మలేరి పొరలు సుమారు 22 కోట్ల ఏండ్లవి. భూమి వయస్సు సుమారు 454 కోట్ల ఏండ్లు.

1863 సెప్టెంబరు 4న హిస్లాప్ గారు టాకల్‌ఘాట్‌లోని పురాతన రాతివలయములను చూడబోయి, తిరిగి వచ్చుచు రాత్రివేళ పొంగిన వాగులో మునిగి మరణించిరి. నాలుగు దినములైన నలువదియారేండ్లు నిండెడివి. ఆయన పేరిట కళాశాల నేటికిని నాగపురమున కలదు.

రాళ్ల వయస్సు వినినంతనే విశ్వాసము సడలునని జంకువారు మనలో లేకపోలేదు. ఈ బోధకుడు ఒక చేత బైబిలును, వేరొక చేత రాతిముక్కను పట్టి జీవించెను, దేనిని విడువలేదు. భూమి పునాదులు వేయబడినప్పుడు తానెక్కడనున్నాడని యోబు అడుగబడెను గదా. మన పిల్లలు అట్టి ప్రశ్న తెచ్చినప్పుడు గద్దింపక, వారితో కూర్చుండి వెదకుదుము గాక.