హెన్రీ డార్సీ

తోటకు నీరు పెట్టునపుడు మీరొక వింతను గమనించియుందురు. కుళాయికి పొట్టి రబ్బరు గొట్టమును తగిలించినచో నీరు దూరముగా చిమ్మును. అదే కుళాయికి మిక్కిలి పొడవైన గొట్టమును తగిలించినచో ధార సన్నగిల్లి కాళ్ల దగ్గఱనే పడును. గొట్టమునకు చిల్లు లేదు, కుళాయి మారలేదు. మఱి నీటి బలమేమయ్యెను? త్రోవలో దానిని హరించినదేది? ఈ ప్రశ్నకు ఊహలతో గాక కొలతలతో సమాధానము చెప్పినవారిలో ముఖ్యుడు ఫ్రాన్సు దేశపు ఇంజనీరు హెన్రీ డార్సీ.

డార్సీ 1803వ సంవత్సరము జూన్ 10వ తేదీన, బర్గండీ సీమలోని డిజోన్ నగరమున జన్మించెను. గోదావరిపై ధవళేశ్వరము ఆనకట్టను నిర్మించిన ఆర్థర్ కాటన్ పుట్టినదియు ఆ సంవత్సరముననే. ఒకే యేట పుట్టిన ఈ యిరువురును తమ జీవితములను నీటి పనులకే ధారపోయుట ముచ్చటైన విషయము. డార్సీకి పదునాలుగేండ్ల ప్రాయమున తండ్రి గతించెను. తల్లి ధైర్యము వీడక, అప్పు చేసి ఉపాధ్యాయులను కుదిర్చి కుమారుని చదివించెను. అతడు 1821లో పారిస్ నందలి పాలిటెక్నిక్ విద్యాలయమునను, 1823లో వంతెనలు, రహదారులు నిర్మించు ఇంజనీర్లకు శిక్షణ నొసగు విద్యాలయమునను ప్రవేశించెను. చదువు ముగిసిన పిదప ప్రభుత్వోద్యోగియై స్వస్థలమునకు తిరిగి వచ్చెను.

ఆనాడు డిజోన్ ప్రజలు నీటికై పడిన బాధ వర్ణనాతీతము. బావులలోని నీరు చెడిపోయియుండెను. ఊరి నడుమ ప్రవహించు సుజోన్ అను ఏఱు మురికి కాలువయై దుర్గంధము వెదజల్లుచుండెను. 1828లో లోతైన బావి నొకదానిని త్రవ్వించు పని డార్సీకి అప్పగింపబడెను. అందు నీరు పడినది కాని, నగరమునకు చాలినంత పడలేదు. డార్సీ అంతటితో ఊరకుండక, నగరమునకు దూరముగా నున్న రోజ్వార్ అను ఊటపై దృష్టి నిలిపెను. దాని నీటిని కొలిచి, వాలు లెక్క కట్టి, 1834లో తన పథకమును నగర పాలకుల ముందుంచెను. 1839లో పని ఆరంభమయ్యెను. 12 కిలోమీటర్లకు పైబడిన కప్పుగల కాలువ గుండ, పంపులతో పని లేకుండ, కేవలము వాలును బట్టియే నీరు ప్రవహించి 1840 సెప్టెంబరు 6వ తేదీన నగరమును చేరెను. అచ్చటినుండి గొట్టముల మూలమున వీథి వీథికిని కుళాయిలు వెలసెను. బీదవారును చేతి కందుబాటులో మంచినీటిని పట్టుకొనగలిగిరి.

ఈ పనికి నియమము ప్రకారము అతనికి రావలసిన ప్రతిఫలము రమారమి 55,000 ఫ్రాంకులు. తల్లి చేసిన అప్పుల బరువు నెఱిగినవాడయ్యు డార్సీ ఆ ధనమును ముట్టలేదు. నగరమువారు ప్రేమతో నొసగిన బంగారు పతకమును, జీవితాంతము తన యింటికి ఉచితముగా నీటిని పొందు హక్కును మాత్రము స్వీకరించెను.

1848లో ఫ్రాన్సున విప్లవము చెలరేగెను. క్రొత్త ప్రభుత్వమువారు శంకించి డార్సీని డిజోన్ నుండి తొలగించిరి. కన్న ఊరిని విడుచుట అతనికి కష్టముగనే యుండియుండును. కాని పిమ్మట పారిస్ నగరపు నీటి సరఫరాకు అధికారి యగుటచే, చిరకాలముగా మనస్సులో నున్న సందేహమును తీర్చుకొను నవకాశము లభించెను.

అప్పటి పండితుల అభిప్రాయ మిట్లుండెను: గొట్టపు గోడ నంటియున్న నీటి పొర కదలక నిలిచియుండును, తక్కిన నీరు ఆ పొరమీదుగా జాఱిపోవును, కావున గోడ నున్నగా నున్నను గరుకుగా నున్నను భేదము లేదు. వినుటకు ఇది సబబుగనే తోచును. లెక్కలన్నియు దీని మీదనే నడచుచుండెను. కాని తుప్పు పట్టిన పాత గొట్టములలో నీరు లెక్క ప్రకారము రాకుండుట డార్సీ స్వయముగా ఎఱుగును.

అతడు పారిస్ లోని షాయో అను చోట 22 గొట్టములను పఱిపించెను. వానిలో ఇనుపవి, సీసపువి, గాజువి, లోపల తారు వంటి పూత పూసినవి, క్రొత్తవి, మఱి కొన్ని ఏండ్ల తరబడి వాడి లోపల పెచ్చులు కట్టినవి. అన్నిటికంటె సన్ననిదాని వ్యాసము 12 మిల్లీమీటర్లు. లావైనదాని వ్యాసము అర మీటరు. ఒక్కొక్క గొట్టమున నీటిని వేర్వేరు వేగములతో పంపి, ఒక చోటికిని వేఱొక చోటికిని నడుమ పీడనము ఎంత తగ్గినదో కొలిచెను. 1849 మొదలు 1851 వఱకు ఈ ప్రయోగములు సాగెను. పెచ్చులు కట్టిన పాత గొట్టమును శుభ్రపఱచి మరల పరీక్షించినపుడు, నష్టము బాగుగా తగ్గెను. గోడ గరుకుదనమే దొంగ యని తేలిపోయెను! పాతబడిన గొట్టములకు నష్టమును రెట్టింపుగా లెక్కించుకొనవలెనని అతడు సూచించెను.

గొట్టపు వ్యాసము సంగతి మఱియు ఆశ్చర్యకరము. వ్యాసము సగమైనచో, వెనుకటియంత నీటినే పంపుటకు పీడన నష్టము రెట్టింపు గాదు, రమారమి 32 రెట్లగును. పిల్లలకు ఈ లెక్క చెప్పినపుడెల్ల వారు నమ్మక, కాగితముపై మరల వేసి చూచెదరు. మీరును వేసి చూడుడు.

సన్నని గొట్టములలో నీరు మెల్లగా పోవునపుడు గరుకుదనపు ప్రభావ మంతగా కనబడదనియు డార్సీ గమనించెను. నూనె వంటి చిక్కని ద్రవముల విషయమున ఇది మిక్కిలి ముఖ్యము. మన వీథులలో మట్టి త్రవ్వు పెద్ద యంత్రములను చూచుచున్నారు గదా! వాని ఇనుప చేతులను పైకెత్తునది నూనె యొక్క ఒత్తిడియే. పంపు నుండి ఆ చేతి వఱకు నూనె గొట్టములలో నడచును. త్రోవలో పోయిన పీడనము వేడిగా మాఱి నూనెను కాగించును. ఆ నష్టమును లెక్కించుటకు నేటి ఇంజనీర్లు వాడు సూత్రమునకు డార్సీ పేరును, 1845లో దానికి రూపమిచ్చిన జర్మను పండితుడు జూలియస్ వైస్బాక్ పేరును కలిపి పెట్టిరి.

ఇంతలో డార్సీ ఆరోగ్యము చెడెను. 1855లో అధికార భారమునుండి విముక్తుడై డిజోన్ చేరెను. విశ్రాంతి తీసికొనవలసినవాడు అచ్చటి ఆసుపత్రిలో నిలువు గొట్టమున ఇసుక నింపి, దాని గుండ నీరు ఇంకు తీరును కొలువ నారంభించెను! భూగర్భ జలమును గూర్చిన శాస్త్రమునకు పునాదియైన నియమము అట్లు పుట్టెను. 1856లో డిజోన్ నీటి కుళాయిలను గూర్చిన గ్రంథమున దానిని ప్రకటించెను. మఱుసటి యేట గొట్టముల ప్రయోగ ఫలితములును అచ్చయ్యెను. కాలువలలో నీటి నడకపై మొదలిడిన పరిశోధన మాత్రము మిగిలిపోయెను. దానిని సహాయకుడైన ఆన్రీ బాజాన్ పూర్తి చేసెను.

1858 జనవరి 3వ తేదీన పారిస్ లో ఊపిరితిత్తుల వాపుచే డార్సీ మరణించెను. అప్పటి కతనికి ఏబది నాలుగేండ్లు. దేహమును డిజోన్ నగరమునకు కొనివచ్చి ఖననము చేసిరి. నీటి తొట్టి యున్న ఆవరణమునకు నగరమువారు అతని పేరు పెట్టిరి. దాని చెంతనే యొక తోట కలదు. 1840లో రోజ్వార్ ఊట నీరు వచ్చి చేరిన తొట్టి ఆ తోట నేలలోనే యున్నది.