యేనా పట్నపు హేకెల్

మేము జర్మనీ వచ్చిన కొత్తలో మా అమ్మాయి బడి నుంచి వచ్చి, మనుషుల్లో ఎన్ని జాతులున్నాయని అడిగింది. తెలుగులో చెప్పబోయి తడబడ్డాను. మనకు పులి ఒక జాతే, తెలుగువారూ ఒక జాతే, ఇంగ్లీషువారి రేస్ కూడా జాతే. ఆ చిక్కు విప్పుకోవడానికి పుస్తకాలు తిరగేస్తుంటే ఎర్నెస్ట్ హేకెల్ గురించి తెలిసింది. తర్వాత ఒక వేసవిలో ఆయన ఊరు యేనా వెళ్ళి, ఆయన నెలకొల్పిన ఫైలెటిక్ మ్యూజియం చూసొచ్చాం. ఆయన కథ ఈ సభలకు వచ్చిన మనందరికీ పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

హేకెల్ 1834 ఫిబ్రవరి 16న పోట్స్‌డామ్‌లో పుట్టారు. మన ఇళ్ళలో లాగే, కొడుకును డాక్టరుగా చూడాలని తండ్రి కోరిక. చదువైతే పూర్తిచేశారు గాని మనసంతా సముద్రజీవుల మీదే. రోగులను చూసే వేళ తెల్లవారుజామున 5 నుంచి 6 అని పెట్టారట. ఇక రోగులెందుకొస్తారు! 1859-60లో ఇటలీలోని మెస్సీనా తీరంలో రేడియోలేరియా అనే సూక్ష్మజీవులను పరిశీలించి ఎంతో అందంగా బొమ్మలు గీశారు. 1862లో ఆ గ్రంథం వెలువడింది. ఆ ఏడే యేనా విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు, అన్నా సేటెను పెళ్ళాడారు. రెండేళ్ళైనా తిరగకుండా, సరిగ్గా ఆయన 30వ పుట్టినరోజున ఆమె కన్నుమూసింది. ఆ దుఃఖం మరవడానికి రాత్రింబవళ్ళు పనిలో పడ్డారు. తర్వాత ఒక జెల్లీఫిష్ పోగులు ఆమె కురులను గుర్తుచేస్తే, దానికి ఆమె పేరే పెట్టారు.

ఆ శ్రమ ఫలమే 1866 నాటి మహాగ్రంథం. ఇకాలజీ అన్న మాట అందులోనే పుట్టింది. గ్రీకులో ఓయికోస్ అంటే ఇల్లు. ఒక జీవి తన చుట్టూ ఉన్న నేల, నీరు, గాలితోను, ఇరుగుపొరుగు జీవులతోను ఎలా కాపురం చేస్తుందో చెప్పే శాస్త్రమది. డార్విన్ సిద్ధాంతాన్ని జర్మనీలో సామాన్యులకు చేరవేసిన ఘనత కూడా ఆయనదే.

అంతటివారూ మనిషి దగ్గరకొచ్చేసరికి తప్పటడుగు వేశారు. 1868 నాటి పుస్తకంలో, దాని తర్వాతి కూర్పుల్లో, తల వెంట్రుకల తీరు వంటివి చూసి మనుషులను వేర్వేరు జీవజాతులుగా విడదీసి మెట్లుగా పేర్చారు. ఒక కూర్పులో అవి 12. అందులో ద్రావిడులు విడిగా ఒక జాతి, యూరప్‌వారున్న జాతిది పైమెట్టు. మా అమ్మాయి, తరగతిలో ఆమె పక్కన కూర్చునే జర్మన్ పాప వేర్వేరు జీవులన్నమాట! చదివినప్పుడు మనసు చివుక్కుమంది. 1919లో ఆయన పోయాక నాజీల్లో కొందరు ఆయన పేరు వాడుకున్నారు.

నేటి శాస్త్రం చెప్పేది వేరు. బవేరియాలో పుట్టిన ఎర్నెస్ట్ మయర్ 1942లో ఇచ్చిన నిర్వచనం ప్రకారం, తమలో తాము సంతానం కంటూ ఇతర గుంపులతో కలవని జీవుల సముదాయమే ఒక జీవజాతి. కొండో సముద్రమో అడ్డుపడి ఒక గుంపు చాలాకాలం విడిపోతే, మార్పులు పేరుకుని కొత్త జీవజాతి పుడుతుంది. నేటి మనుషులు అంతగా ఎన్నడూ విడిపోలేదు. వలసలు పోతూ, మళ్ళీ కలుస్తూనే ఉన్నారు. హేకెల్ పోయి నూరేళ్ళు నిండిన 2019లో, అదే యేనాలో జరిగిన జర్మన్ జంతుశాస్త్రజ్ఞుల సమావేశంలో ఒక ప్రకటన వెలువడింది. మనిషి జన్యురాశిలోని 320 కోట్ల అక్షరాల్లో ఆఫ్రికావారిని మిగతావారి నుంచి కచ్చితంగా వేరుచేసేది ఒక్కటీ లేదని, రేసులను సృష్టించింది ప్రకృతి కాదు, రేసిజమేనని ఆ ప్రకటన తేల్చింది.

మనుషులందరిదీ ఒకటే జీవజాతి అని చివరకు మా అమ్మాయికి చెప్పాను. ఇంటి పేరుతో ఒక శాస్త్రానికి పేరు పెట్టిన పెద్దమనిషే కొందరిని వాకిట్లో నిలబెట్టారు. ఆయన ఊరి శాస్త్రవేత్తలే ఆ తప్పు దిద్దారు. సముద్రాలు దాటొచ్చిన మన సంఘాల్లోనూ పుట్టుకను బట్టి ఎక్కువతక్కువలు ఎంచే బుద్ధి తలెత్తినప్పుడల్లా, యేనా మనకు గుర్తుకు రావాలి.