ముసవ్విర్ జంగ్ రాజా దీన్ దయాళ్

మా ఇంటి ముందుగదిలో గోడకు ఒక పాత ఫోటో వ్రేలాడుతూ ఉంటుంది. అందులో మా ముత్తాతగారు కుర్చీలో ఆసీనులై ఉన్నారు. ఇరుప్రక్కల షేర్వానీలు ధరించిన కుమారులు నిలిచి ఉన్నారు. ముత్తవ్వగారు మాత్రం అందులో లేరు. ఆమె ఘోషా పాటించేవారు. పరపురుషుడైన ఫోటోగ్రాఫరు ఎదుట కూర్చోవడం ఆనాటి మర్యాద కాదు. ఆమె ముఖం ఎట్లుండేదో చెప్పగలవారు నేడు మా ఇంట ఒక్కరూ లేరు. ఈ లోటు మా ఒక్క కుటుంబానిదే కాదు. అయితే ఆ లోటును గుర్తించి, దానిని తీర్చడానికి 1892 లోనే ఉపాయం చేసిన మహనీయుడు ఒకరు మన హైదరాబాదులో ఉండేవారు. ఆయనే రాజా దీన్ దయాళ్.

ఆయన పుట్టినది ఈ ప్రాంతం కాదు. మీరట్ సమీపంలోని సర్ధనా పట్టణంలో, రత్నాల వర్తకం చేసే జైన కుటుంబంలో 1844 లో జన్మించారు. ఆ సర్ధనా ఒకప్పుడు బేగం సమ్రూ ఏలిన ఊరు. రూర్కీలోని థామసన్ కళాశాలలో ఇంజనీరింగు విద్య పూర్తిచేసి, ఇందూరులో ప్రభుత్వ నిర్మాణశాఖ కార్యాలయంలో అంచనాలు వేసే ఉద్యోగిగా, నక్షాలు గీసే పనివాడుగా చేరారు. కొలతలకు అలవాటుపడిన ఆ కన్నే తరువాత ఆయనకు పెట్టుబడి అయినదని మేము తలుస్తాము.

1874 ప్రాంతంలో ఆయన కెమెరా పట్టారు. ఆ దినాలలో ఫోటో తీయడం మాటలు కాదు. గాజుపలకపై రసాయనం పూసి, తడి ఆరక మునుపే చిత్రం తీసి, అప్పటికప్పుడు చీకటి గుడారంలో కడగవలసి ఉండేది. ఎండలో గుడారం, మందుసీసాలు, బరువైన పలకలు వెంట మోసుకొని పోవాలి. ఇందూరు మహారాజు రెండవ తుకోజీరావు, బ్రిటిషు ప్రతినిధి సర్ హెన్రీ డేలీ ఆయనను ప్రోత్సహించారు. సర్ లెపెల్ గ్రిఫిన్ వెంట మధ్యభారతమంతటా సంచరించి తీసిన కోటల, దేవాలయాల చిత్రాలు 1886 లో గ్రంథరూపంలో వెలువడినవి. 1885 లో వైస్రాయి డఫ్రిన్ ప్రభువు ఆయనను తన ఛాయాగ్రాహకునిగా నియమించారు. ఆ కాలంలోనే ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ ఆస్థానంలోనూ స్థానం లభించినది. ప్రభుత్వ కొలువుకు స్వస్తి చెప్పి, సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పారు.

దర్బారులు, వేటలు, సైన్య విన్యాసాలు ఆయన తీసిన సంగతి అందరూ చెప్పుకొనేదే. కుటుంబచిత్రాలను, సమూహచిత్రాలను ఆయన తీర్చిన తీరు మాకు అంతకంటె ముఖ్యంగా తోస్తుంది. వాటిలో మనుషులు ఒకే వరుసలో కర్రల వలె బిగుసుకొని నిలబడరు. ఒకరు మెట్టుమీద, ఒకరు నేలమీద, మరొకరు ప్రక్కకు చూస్తూ ఉంటారు. అయినా ఎవరి ముఖమూ మరొకరి వెనుక దాగదు. నిమిషానికి పది ఫోటోలు తీసి ఒక్కటీ సరిగా రాక విసుగు చెందే మనము ఈ సంగతిని గమనించవలసి ఉన్నది. పలక పాడైతే మళ్ళీ మొదలుపెట్టవలసినవాడు మీట నొక్కక ముందే కదా చూచుకోవలె! వెలుతురు ఏవైపునుండి పడుతున్నదో, పిల్లవాడు ఎంతసేపు కదలక ఉండగలడో ముందుగా ఎరిగి ఉండవలె.

ఇక 1892 నాటి సంగతి. ఘోషా స్త్రీల కొరకు ఆయన హైదరాబాదులో ప్రత్యేకంగా ఒక జనానా స్టూడియోను తెరిచారు. చుట్టూ ఎత్తైన గోడలు. లోపల కెమెరా నడిపే బాధ్యత శ్రీమతి కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల మహిళది. గోషా విడువమని ఆయన ఎవరినీ ఒత్తిడి చేయలేదు. మర్యాద భంగపడకుండానే చిత్రం తీయడానికి మార్గం చూపారు. స్టూడియో అధిపతి అయిన తానే ఆ ద్వారం వెలుపల నిలిచిపోవడంలో గొప్ప సంస్కారం ఉన్నదని మా అభిప్రాయం. అయితే ఆ ద్వారం సంపన్నుల ఇండ్లకే అందినదన్న మాట కూడా దాచరాదు. సామాన్య గృహాల స్త్రీలు దానికి దూరంగానే ఉండిపోయారు. మా ముత్తవ్వగారి కాలం నాటికైనా అటువంటి సదుపాయం మా వంటి ఇండ్లకు చేరలేదు.

1894 లో నిజాము ప్రభువు ఆయనకు రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్ బిరుదమిచ్చి, ఆయన కళను మెచ్చి ఉర్దూలో ఒక షేర్ కూడా చెప్పారు. 1896 లో బొంబాయిలో మరొక స్టూడియో వెలసినది. 1897 లో విక్టోరియా రాణి నుండి రాజముద్ర గల నియామకపత్రం వచ్చినది. ఇన్ని గౌరవాల నడుమ, నిజాం రాష్ట్రంలోని కరువు సహాయక పనులను కూడా ఆ స్టూడియో చిత్రించినది. నవాబుల ముత్యాలహారాలను చూపిన గాజుపలకల సరసనే ఎముకలు తేలిన కూలీలను చూపిన పలకలూ చేరినవి.

చివరి దినాలు దుఃఖమయాలు. 1904 లో కుమారుడు ధరమ్‌చంద్ మరణించారు. మరుసటి సంవత్సరం జూలైలో దీన్ దయాళ్ కూడా కన్నుమూశారు. మరొక కుమారుడు జ్ఞాన్‌చంద్ స్టూడియోను కొనసాగించారు. చేతి కెమెరాలు వ్యాపించిన కొలదీ పెద్ద స్టూడియోల వైభవం తగ్గినది. కుటుంబీకులు భద్రపరచిన గాజుపలకలలో 2,857 పలకలను 1989 లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం సేకరించినది. నూరేండ్లనాటి గాజు అన్ని చేతులు మారి పగలక మిగలడం మాకు నేటికీ ఆశ్చర్యమే.

ఈ వ్యాసం వ్రాయడానికి పూనుకొన్న దినాలలోనే మేము మా నానమ్మగారిని వరండాలో, ఉత్తరపు వెలుతురులో కూర్చోబెట్టి ఫోటో తీశాము. ఆమె మొదట ఒప్పుకోలేదు. కెమెరాను మా చెల్లెలి చేతికిచ్చి మేము లోపలికి వెళ్ళిన తరువాత కొంగు సవరించుకొని కూర్చొన్నారు. ఆ ఫోటో వెనుక ఆమె పేరు, ఊరు, తేదీ వ్రాసి, ముత్తాతగారి ఫోటో ప్రక్కనే తగిలించాము.