డాప్లర్ అనే గుమాస్తా

డాక్టరుగారు స్టెతస్కోపు ఆనించి, గుండెలో మర్మర్ వినబడుతోంది, ఎకో తీయించండి అన్న అనుభవం మన సభ్యులలో చాలామందికి ఉండే ఉంటుంది. ఆ రిపోర్టులో డాప్లర్ అనే మాట ఉంటుంది. అది యంత్రం పేరని నేను చాలాకాలం అనుకున్నాను. కాదు, ఒక మనిషి పేరు.

క్రిస్టియన్ డాప్లర్ 1803 నవంబరు 29న, నేటి ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్‌లో రాతిపనివారి ఇంట పుట్టారు. ఒంట్లో సత్తువ లేక ఇంటి వృత్తి వదిలి చదువులో పడ్డారు. సరైన ఉద్యోగం దొరక్క కొంతకాలం నూలుమిల్లులో లెక్కలు రాశారు. అంటే మన కోవవారే! 1835లో విసిగిపోయి, సామాను అమ్మి అమెరికా ప్రయాణం కడుతుండగా ప్రాగ్ నగరంలో ఉపాధ్యాయ పదవి వచ్చింది.

అక్కడ 1842 మే 25న జంట నక్షత్రాల రంగులపై ఒక వ్యాసం చదివారు. విన్నవారు పట్టుమని పదిమంది లేరు. రైలు ఎదురొస్తుంటే కూత హెచ్చుస్థాయిలో, దాటిపోగానే తగ్గుస్థాయిలో వినిపిస్తుంది కదా, ఆ సూత్రమే అది. నక్షత్రాల రంగులకు అదే కారణమన్న ఆయన ఊహ తప్పింది గాని, సూత్రం నిలిచింది. 1845లో హాలెండులో బైస్ బాలట్ అనే శాస్త్రజ్ఞుడు రైలుమీద బూరలూదేవారిని ఎక్కించి, పట్టాల పక్కన స్వరజ్ఞానం గలవారిని నిలబెట్టి పరీక్షిస్తే సరిపోయింది.

1850లో వియన్నా విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర సంస్థకు మొదటి డైరెక్టరయ్యారు. కాని ఊపిరితిత్తుల జబ్బు ముదిరింది. గాలిమార్పు కోసం వెనిస్ వెళ్ళి, 1853 మార్చి 17న, 49 ఏళ్ళకే కన్నుమూశారు.

సరిగ్గా నూరేళ్ళకు, 1953లో, స్వీడన్‌లోని లుండ్‌లో ఎడ్లర్, హెర్ట్జ్ అనే ఇద్దరు ధ్వని తరంగాలతో గుండె కదలికను పట్టారు. ఆ తర్వాతివారు డాప్లర్ సూత్రం జోడించి గుండెలో రక్తం వేగం కొలిచారు. వయసు మళ్ళాక కొందరికి గుండెనుంచి రక్తం బయటికి పంపే కవాటంపై కాల్షియం పేరుకుని దారి ఇరుకవుతుంది. ఇరుకైనకొద్దీ రక్తం వేగం హెచ్చుతుంది. మామూలుగా సెకనుకు సుమారు 1 మీటరు. 4 మీటర్లకు చేరితే ఇరుకు తీవ్రమైనట్టు. మర్మర్ పెద్దగా వినబడితే జబ్బు పెద్దదని, చిన్నగా వినబడితే చిన్నదని అనుకోవడానికి లేదు.

నేనూ మెట్లెక్కితే వచ్చే ఆయాసాన్ని వయసు మీదికి తోసి, ఎకోను ఆరు నెలలు వాయిదా వేశాను. చివరకు మా అమ్మాయి పోరు పడలేక వెళ్ళాను. వేగం 3 మీటర్లు దాటింది. ఓ మోస్తరు ఇరుకేనట, ఏటా చూపించుకోమన్నారు. వచ్చే నెల మళ్ళీ వెళ్ళాలి.