వికటకవి పత్రిక నడిపిన మన సంజీవయ్య

దామోదరం సంజీవయ్య గారి పేరు వినని వారు మన హాస్టల్లో ఎవరూ ఉండరు. ఏటా ఫిబ్రవరి 14న ఆయన ఫోటోకు పూలదండ వేస్తాం, కొబ్బరికాయ కొడతాం, తలా రెండు బిస్కెట్లు తీసుకుని స్టడీ అవరుకు వెళ్ళిపోతాం. భారతదేశంలో మొట్టమొదటి దళిత ముఖ్యమంత్రి అన్న ఒక్క వాక్యాన్ని ఐదో తరగతి నుంచి అప్పజెబుతూనే వచ్చాం. మేమూ అంతే. ఆ వాక్యానికి ముందు ఏముందో డిగ్రీ పూర్తయ్యేదాకా తెలుసుకోలేదు. ఈ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ సారు అడిగినప్పుడు, సంజీవయ్య గారు ముఖ్యమంత్రి అయ్యాక ఏం చేశారన్నది కాక, చదువుకునే రోజుల్లో క్లాసు బయట ఏం చేశారన్నది రాయాలనిపించింది. ఎందుకో ముందు ముందు మీకే తెలుస్తుంది.

కర్నూలు పక్కనే ఉన్న పెద్దపాడు ఆయన స్వగ్రామం. 1921 ఫిబ్రవరి 14న మునెయ్య, సుంకులమ్మ దంపతులకు జన్మించారు. సెంటు భూమి లేని కుటుంబం. నేత నేసి, కూలికి పోయి పొట్ట పోసుకునేవారు. ఈయన పుట్టిన కొద్దిరోజులకే తండ్రి చనిపోయారు. పిల్లల్ని తీసుకుని తల్లి మేనమామ గారి ఊరు పాలకుర్తికి పోవలసి వచ్చింది. అక్కడ సంజీవయ్య పశువులు కాశారు. మళ్ళీ పెద్దపాడు చేరుకున్నాకనే బడి ముఖం చూశారు. అన్న తన రెక్కల కష్టంతో తమ్ముణ్ణి చదివించాడు. మనలో చాలామంది ఇళ్ళలో ఇప్పటికీ ఇదే లెక్క. ఒకరు చదవాలంటే ఇంకొకరు మానాలి. మా ఇంట్లో మా అక్క ఏడో తరగతితో మానింది. అమ్మానాన్నలతో కలిసి మిరప కోతలకు గుంటూరు వైపు సుగ్గికి పోయింది. ఆ డబ్బులతో కొన్న ట్రంకు పెట్టెతోనే మేము మొదటిసారి హాస్టల్ గడప తొక్కాం.

పెద్దపాడులో ప్రాథమిక చదువు అయ్యాక సంజీవయ్య కర్నూలులోని అమెరికన్ బాప్టిస్టు మిషన్ పాఠశాలలో చేరారు. 1935లో మునిసిపల్ హైస్కూలుకు మారారు. 1938లో ఎస్.ఎస్.ఎల్.సి. పరీక్షలో జిల్లాకే మొదటివాడుగా నిలిచారు. అప్పటికి కర్నూలులో డిగ్రీ కళాశాల లేదు. ఉస్మానియా కళాశాల 1947లో గానీ రాలేదు. కడపలో ప్రభుత్వ కళాశాల వచ్చింది 1948లో. సీమ పిల్లలు పై చదువు చదవాలంటే అనంతపురం పోవాల్సిందే. 1916లో మొదలైన దత్తమండల కళాశాల అక్కడుంది. బళ్ళారి, కడప, కర్నూలు, అనంతపురం జిల్లాల పిల్లలందరికీ అదే దిక్కు. ఉపకార వేతనం దొరకబట్టి సంజీవయ్య అందులో చేరగలిగారు. గణితం ముఖ్యాంశంగా చదివి 1942లో బి.ఏ. పూర్తి చేశారు.

ఇంతవరకూ మార్కుల కథ. ఇలాంటి కథలు మన హాస్టల్లోనూ ఉన్నాయి. జిల్లా మొదటి ర్యాంకులు మన పూర్వ విద్యార్థులకూ వచ్చాయి. మమ్మల్ని ఆపి ఆలోచింపజేసింది మరో సంగతి. ఈ గణితం విద్యార్థికి నాటకాల పిచ్చి. వేసవి సెలవులు వస్తే స్నేహితులను కూడగట్టి నాటకాలు వేసేవారు. కృష్ణార్జునుల మధ్య యుద్ధం వచ్చే గయోపాఖ్యానం వంటి పద్య నాటకాలు వారికి ఇష్టం.

పద్య నాటకం అంటే ఇప్పటి పిల్లలకు నవ్వులాటగా ఉండవచ్చు. సీమ పల్లెల్లో పెద్దవారిని అడిగి చూడండి. తిరునాళ్ళకు రాత్రంతా హార్మోనియం మోగుతుంటే, చదువు రాని వాళ్ళు కూడా పద్యానికి పద్యం అందుకునేవాళ్ళు. మైకు లేని రోజుల్లో చివర చెట్టు కింద కూర్చున్న మనిషికి కూడా మాట వినిపించాలి. ఊపిరి ఎక్కడ పట్టాలో, ఎక్కడ వదలాలో తెలియాలి. వందల మంది చూస్తుండగా ఎదుటి పాత్రధారి మరిచిపోతే తానే అందించి నడిపించాలి. ఇది ఏ సిలబస్‌లోనూ ఉండదు, దీనికి ఏ మార్కులూ రావు. ఊళ్ళో అరుగు మీద కూర్చోవడానికే కులం అడ్డం వచ్చే ఆ కాలంలో ఒక మాల కుర్రాడు ముఖానికి రంగు వేసుకుని, వేదిక మీద నిలబడి, గొంతెత్తి పద్యం పాడాడంటే ఎంత ధైర్యం వచ్చి ఉంటుందో ఊహించండి. ఆ తరువాతి కాలంలో సంజీవయ్య గారు హాస్యం కలిపి, విన్నవాళ్ళు కదలకుండా కూర్చునేలా ఉపన్యసించేవారని పేరు పొందారు. ఆ గొంతు అసెంబ్లీలో పుట్టింది కాదు, వేసవి సెలవుల్లో పుట్టిందని మా అభిప్రాయం.

ఇక్కడ మా సంగతి ఒకటి చెప్పాలి. డిగ్రీ రెండో సంవత్సరంలో జిల్లా స్థాయి వక్తృత్వ పోటీకి పేర్లు ఇమ్మన్నారు. మేమూ పేరు ఇచ్చాం. నాలుగు రాత్రులు మెస్ వెనక నీళ్ళ ట్యాంకు దగ్గర నిలబడి సాధన చేశాం. పోటీకి ముందురోజు మా చేత చదివించి చూసిన ఒక సారు మా యాసకు నవ్వారు. క్లాసు మొత్తం నవ్వింది. ఆ సాయంత్రమే పేరు వెనక్కి తీసుకున్నాం. రూములో ఎవరు అడిగినా జ్వరమని అబద్ధం చెప్పాం. ఆ సారును తప్పుపట్టి రాయడం ఇప్పుడు మా ఉద్దేశం కాదు. ఆ తరువాత మూడేళ్ళు ఏ వేదికా ఎక్కకుండా పోయాం చూశారా, అది మా తప్పు. పీజీలో మొదటి సెమినార్ రోజున మోకాళ్ళు వణికి, చేతిలో కాగితం కనబడక, చదువుకున్న విషయమే మరిచిపోయి వచ్చి కూర్చున్నాం. డిగ్రీలో మాకు డెబ్బై ఎనిమిది శాతం మార్కులు. అవి ఆ రోజు నోట్లోంచి ఒక్క మాట కూడా తెప్పించలేకపోయాయి.

సంజీవయ్య గారు బి.ఏ. అయ్యేసరికి రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది. పట్టా ఉన్నా ఉద్యోగం లేదు. చివరికి కర్నూలు తాలూకా రేషనింగ్ ఆఫీసులో గుమాస్తాగా చేరారు. అది 1944లో మూతపడింది. తరువాత కేంద్ర ప్రజా పనుల శాఖలో తాత్కాలిక ఉద్యోగం దొరికి బళ్ళారిలో పనిచేశారు. ఆ రేషన్ ఆఫీసు ఉద్యోగాన్ని ఆయన జీవిత చరిత్రల్లో ఒక్క వాక్యంలో దాటేస్తారు. మాకైతే అది ఒక పెద్ద క్లాసు అనిపిస్తుంది. యుద్ధకాలంలో బియ్యం కోసం గంటల తరబడి నిలబడ్డ మనుషుల్ని, వాళ్ళ కార్డుల్ని, వాళ్ళ ముఖాల్ని బల్ల అవతల కూర్చుని చూసిన మనిషి ఆయన. ముఖ్యమంత్రిగా ఆయన ఉన్నప్పుడే మన రాష్ట్రంలో వృద్ధాప్య పింఛన్లు మొదలయ్యాయి. ఆ రెంటినీ ముడిపెట్టడం మా ఊహే కావచ్చు, కానీ ముడిపెట్టకుండా ఉండలేకపోతున్నాం.

బళ్ళారి ఇంకో విధంగా ఆయన దారి మార్చింది. అక్కడ ఒక జిల్లా జడ్జితో పరిచయం అయింది. ఆయన ఈ కుర్రవాడి తెలివి గమనించి న్యాయశాస్త్రం చదవమని ప్రోత్సహించారు, ఆర్థికంగానూ సాయపడ్డారు. మనం సాధారణంగా ఆఫీసరు కనబడితే పక్క సందులోకి తప్పుకుంటాం. కలెక్టరాఫీసు నుంచి ఎవరైనా తనిఖీకి వస్తే వెనక వరుసలో దాక్కుంటాం. తాత్కాలిక ఉద్యోగంలో ఉన్న ఇరవై నాలుగేళ్ళ దళిత యువకుడు జిల్లా జడ్జితో నిలబడి మాట్లాడాడు. నాటకాలు వేసిన గొంతు అక్కడ పనికి వచ్చిందేమో. (బళ్ళారి నాటకాలకు పెట్టింది పేరన్నది కూడా గుర్తు చేయాలి. మన తాడిపత్రిలో పుట్టి బళ్ళారిలో వకీలుగా ఉంటూ దేశమంతా పేరు తెచ్చుకున్న నటుడు బళ్ళారి రాఘవ గారు ఆ రోజుల్లో ఇంకా జీవించే ఉన్నారు. ఆయన 1946లో మరణించారు.)

1946లో సంజీవయ్య మద్రాసు లా కాలేజీలో చేరారు. లా విద్యార్థులకు అప్పట్లో స్కాలర్‌షిప్పు లేదు. స్నేహితుడి గదిలో తల దాచుకుని, జార్జిటౌనులో ఒక హైస్కూల్లో లెక్కల మాస్టరుగా పనిచేస్తూ చదివారు. పగలు లెక్కలు చెప్పాలి, తన పాఠాలు తాను చదవాలి. దీని మధ్యలో ఆయన ఇంకో పని నెత్తిన వేసుకున్నారు. వికటకవి అనే పేరుతో ఒక పత్రిక నడిపారు. పద్యాలు, గేయాలు రాసేవారు. పేరు చూడండి ఎంత తమాషాగా ఉందో, ఎటునుంచి చదివినా వికటకవే! తెనాలి రామలింగని బిరుదు అది. కడుపు నిండా తిండి లేని విద్యార్థి పెట్టిన పత్రికకు ఏడుపు పేరు పెట్టలేదు, నవ్వు పేరు పెట్టారు. మాకు ఆయన జీవితంలో అన్నిటికంటే నచ్చిన సంగతి ఇదే. పేదవాడు అంటే ఎప్పుడూ బాధ గురించే రాయాలి, బాధ గురించే మాట్లాడాలి అని జనం అనుకుంటారు. మన పిల్లలూ అలాగే రాస్తారు. మన గోడపత్రికలో పోయినసారి వచ్చిన పదకొండు కవితల్లో తొమ్మిది కన్నీళ్ళ మీదే. రాత్రి లైట్లు ఆర్పాక రూముల్లో చెప్పుకునే జోకుల్లో ఒక్కటైనా కాగితం మీదికి రాలేదు.

పత్రిక నడపడమంటే రాయడం ఒక్కటే కాదు. ఇతరుల చేత రాయించాలి, బతిమాలాలి, బాగాలేనిదాన్ని నొప్పించకుండా తిప్పి పంపాలి, గడువులోగా తేవాలి. ఈ సంచిక కోసం రెండు నెలలు తిరిగాక ఇది మాకు తెలిసింది. మంత్రివర్గం నడపడానికి కూడా దాదాపు ఈ విద్యలే కావాలేమో.

ఆ తరువాత ఆయన ఎదుగుదల ఎంత వేగంగా సాగిందో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. 1950లో న్యాయవాదిగా నమోదయ్యారు, అదే ఏడాది తాత్కాలిక పార్లమెంటులో సభ్యులయ్యారు. 1952 ఎన్నికల్లో మద్రాసు శాసనసభకు గెలిచి రాజాజీ మంత్రివర్గంలో మంత్రి అయ్యారు. అప్పటికి వయసు ముప్పై ఒకటి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయింది. చాలినన్ని భవనాలు లేక డేరాల్లో ఆఫీసులు నడిచిన రోజులవి. టంగుటూరి ప్రకాశం గారి మంత్రివర్గంలో సంజీవయ్య ఉన్నారు. పక్క ఊళ్ళో పుట్టి, పక్కవాళ్ళ పశువులు కాసిన పిల్లవాడు తన ఊరి పొలిమేరలోని రాజధానికే మంత్రిగా వచ్చాడన్నమాట.

1960 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. ఇంకా ముప్పై తొమ్మిది నిండలేదు. 1962 మార్చి వరకు ఆ పదవిలో ఉన్నారు. అవినీతి నిరోధక శాఖ ఏర్పడింది 1961లో, ఆయన హయాంలోనే. బంజరు భూములను భూమి లేని పేదలకు పంచారు. మన జిల్లాలోని గాజులదిన్నె ప్రాజెక్టుకు తరువాత సంజీవయ్య సాగర్ అని ఆయన పేరే పెట్టారు. 1962లో అఖిల భారత కాంగ్రెస్ అధ్యక్షులయ్యారు. ఆ పదవి పొందిన మొదటి దళితుడు ఆయనే. 1964లో లాల్ బహదూర్ శాస్త్రి గారి మంత్రివర్గంలో కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. కార్మిక సమస్యల మీద ఇంగ్లీషులో ఆయన రాసిన పుస్తకం 1970లో వచ్చింది. మంత్రిగా ఉండి కూడా రాయడం మానలేదంటే, వికటకవి నాటి అలవాటు పోలేదని మేము అనుకుంటున్నాం. 1972 మే నెలలో ఢిల్లీలో కన్నుమూశారు. యాభై ఒక్క ఏళ్ళకే. ఇప్పుడు విశాఖపట్నంలోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఆయన పేరు మీదే ఉంది. స్నేహితుడి గదిలో ఉండి లా చదివిన మనిషి పేరు!

తమ్ముళ్ళు కొందరు అడుగుతారు. అన్నా, ఇవన్నీ కడుపు నిండినోళ్ళ పనులు, మాకు ఉద్యోగం ముఖ్యం గదా అని. ఆ మాటలో నిజం లేకపోలేదు. మా నాన్న కూడా ఫోన్ చేసిన ప్రతిసారీ కానిస్టేబుల్ నోటిఫికేషన్ గురించే అడుగుతాడు. ఎన్.ఎస్.ఎస్. క్యాంపుకు ఏడు రోజులు పోతే, ఆదివారాలు క్యాటరింగ్ పనికి పోయి తెచ్చుకునే ఐదారు వందలు పోతాయి. సాయంత్రం లైబ్రరీలో కూర్చుంటే భోజనం వేళ దాటిపోయి సాంబారు అడుగంటుతుంది. ఎన్.సి.సి.లో చేరాలంటే బూట్ల పాలిష్ దగ్గరనుంచి ఖర్చే. అయినా ఒక్కటి గమనించాం. సంజీవయ్య గారు పని మానుకుని నాటకాలు వేయలేదు, సెలవుల్లో వేశారు. జీతం మానుకుని పత్రిక నడపలేదు, లెక్కలు చెబుతూనే నడిపారు. కడపలో పీజీలో చేరాక మేము మొదలుపెట్టిన పని ఒక్కటే. ఆదివారం మధ్యాహ్నాలు బ్రౌన్ గ్రంథాలయానికి పోవడం. దాని వల్ల ఉద్యోగం ఇంకా రాలేదు. సెమినార్‌లో మాత్రం ఇప్పుడు కాగితం కనబడుతోంది.

పోయిన నెల మెస్ గుమ్మం పక్కన కొత్త గోడపత్రిక బోర్డు కొట్టాం. పేరు వికటకవి అనే పెట్టాం. వార్డెన్ సారు మొదట ఒప్పుకోలేదు, సంగతి చెప్పాక నవ్వి మేకులకు డబ్బులిచ్చారు. మొదటి సంచికకు ఐదుగురు పేర్లిచ్చారు. తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు మన ఉప్మా మీద సీసపద్యం రాశాడు. రెండో పాదంలో గణం తప్పింది. రేపు స్టడీ అవర్ అయ్యాక వాణ్ణి కూర్చోబెట్టుకుని సరిచేయాలి.