లూయీ పాశ్చర్ – పిచ్చికుక్క మందు

మా ఊర్లో కుక్క కరిస్తే పసరు పోస్తారు. చొంగ పుండుకి తగిలితే లెక్కే చెయ్యరు. నాకు ఆ చొంగంటేనే భయం.

పాశ్చర్ 1822లో ఫ్రాన్సు దేశంలో తోళ్ళు పదును చేసేవారింట జన్మించారు. ఆయన చిన్నతనంలో పిచ్చి తోడేలు కరిచినవాళ్ళకి ఇనుము కాల్చి వాతలు పెట్టేవారు. పెద్దయ్యాక పిచ్చికుక్కల చొంగ తీసి పరీక్షించారు. సూక్ష్మదర్శినిలో క్రిమి కనపడలేదు. అయినా విడిచిపెట్టక, జబ్బు చేసిన కుందేళ్ళ వెన్నుపాము ఎండబెట్టి మందు చేశారు.

1885 జులై 6న జోసెఫ్ మైస్టర్ అనే 9 ఏళ్ళ గుంటడిని తల్లి తీసుకొచ్చింది. ఒంటినిండా కాట్లు. పాశ్చర్ డాక్టరు కారు, అందుకే డాక్టరు చేత 13 సూదులు వేయించారు. ఆ రాత్రులు ఆయనకి నిద్ర లేదు. గుంటడు బతికాడు! పాశ్చర్ 1895లో మరణించారు.

చొంగ పుండుకి తగిలితే సబ్బుతో 15 నిమిషాలు కడిగి, బేగి సర్కారు ఆసుపత్రికి పోవాలి. సూదులు ఇప్పుడు జబ్బకే వేస్తారు, బొడ్డు చుట్టూ కాదు.