తండ్రి వీలునామా, కుమార్తె మఠసభ

మార్చి 3 పునీత కాథరిన్ డ్రెక్సెల్ పండుగ. ఈమె 1858లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో జన్మించారు. బ్యాంకరైన తండ్రి 1885లో మరణించారు. ఆయన వీలునామా ప్రకారం ఆస్తిలో పదోవంతు వెంటనే ధర్మసంస్థలకు వెళ్లింది. మిగిలిన దానిపై ఆదాయం ముగ్గురు కుమార్తెలకు. వారికి సంతానం లేకపోతే అసలు కూడా ఆ సంస్థలకే.

1891లో కాథరిన్ దివ్యసత్ప్రసాద కన్యల సభను స్థాపించి, తన ఆదాయాన్ని నల్లజాతి, ఆదివాసి పిల్లల బడులకు వెచ్చించారు. దానం చేసిన సొమ్ముకు కూడా ఆదాయపు పన్ను పడేది. ఏళ్ల తరబడి ఆదాయంలో 90 శాతానికి మించి దానాలకు, పన్నులకు ఇచ్చేవారి దానాలపై పన్ను లేకుండా 1924లో చట్టం వచ్చింది.

1955లో ఆమె ప్రభువు సన్నిధికి చేరారు. వీలునామా నాటికి ఆమె సభ లేదు గనుక అసలు సొమ్ములో దానికి వాటా రాలేదు.

ప్రియ విశ్వాసులారా, వీలునామా వ్రాసి పెట్టెలో దాచి మరచిపోకండి. అప్పుడప్పుడు తీసి, సరిచూసుకోండి.